పెన్నకట్టమీద విహారము

నదీతీరమున ఒక తోట, తోటలో నడచుటకు బాట, బాట చివర నీరు దుముకు చోటు: ఈ మూడింటిని ఒక్కచోట చూడగోరువారు మన ప్రాంతమునుండి మైసూరు బండి యెక్కుదురు. కృష్ణరాజసాగరము క్రింద, మీర్జా ఇస్మాయిలుగారు దివానుగా నున్న కాలమున వేయబడిన బృందావనమును చూచి, దీపముల వెలుగున ఎగసిపడు నీటిబుగ్గలను వర్ణించుకొనుచు తిరిగివత్తురు. అట్టివారితో 'గార్లదిన్నెకు విహారార్థము పోవుదము రండు' అన్నచో పరిహాసమాడుచున్నామని తలంతురు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు అనంతపురపు మెట్టలో విహారమేమి, జలపాతమేమి యని వారి ప్రశ్న. ప్రశ్న సహజమే. అయినను ఆ కరువు కారణముగనే ఇచ్చటి నీటియొడ్డునకు కావేరీతీరమునకు లేనంత చరిత్ర కలదు. ఆ చరిత్రను తెలిసికొని కట్టమీద నడచుట వేరు, తెలియక నడచుట వేరు అని మా నమ్మకము.

గార్లదిన్నె అనంతపురమునుండి గుత్తికి పోవు పెద్దబాటమీద నున్నది. దిన్నె యనగా మెరక. నీరు నిలువని నేలకు మన పెద్దలు నిర్మొగమాటముగా పెట్టిన పేరది. ఆ సమీపముననే బుక్కరాయసముద్రమని మరియొక ఊరున్నది. అది చెరువు పేరు. సముద్రమునకు ఇంత దూరముగా నున్నవారు చెరువునకు సముద్రమని, సాగరమని పేరు పెట్టుకొనుటలో గర్వముకంటె ఆశయే యెక్కువగా మాకు కనుపించును. గార్లదిన్నె మండలముననే పెనకచెర్లయొద్ద పెన్నకు అడ్డముగా కట్టిన మధ్య పెన్న జలాశయము గలదు. దానికి ఎగువన, ఉరవకొండకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, పెన్నహోబిలము గలదు. మనము చూడబోవు విహారభూమి ఈ రెండింటి నడుమ నున్న నదీతీరము.

జలపాతమను మాట మనకు కావ్యములనుండి వచ్చినది. అనంతపురపు పల్లెలలో నీరు ఎత్తునుండి పడుచోటు సాధారణముగా చెరువు మరువ. చెరువు నిండిన పిమ్మట మిగిలిన నీరు రాతికట్టుపైనుండి పొర్లి వంకలోనికి దిగును. తెలంగాణమున దీనినే మత్తడి యనియు, అలుగనియు, కొన్నిచోట్ల కలుజనియు అందురు. చెరువు మరువ పారినదను వార్త పుట్టినచో పిల్లలు, పెద్దలు, ముదుసలులు గట్టెక్కి చూచుటకు పోవుదురు. ఆ యేడు పెండ్లిండ్లు కుదురును, అప్పు పుట్టును, వలసపోయిన వారు ఇంటిమొగము పట్టుదురు. మరువ పారుటను ఒక్కసారియైన చూడకయే యుక్తవయస్సు వచ్చిన వారు గల ఊళ్ళును ఉన్నవి.

పెన్నహోబిలమున మాత్రము మనుష్యుడు కట్టిన మరువ కాదు, నది తానై చేసికొన్న మెట్లు కలవు. పెద్ద పెద్ద బండలమీదుగా నీరు అంచెలంచెలుగా దిగును. ఒడ్డున లక్ష్మీనరసింహస్వామివారి ఆలయము; స్వామి పాదముద్రమీద గుడి కట్టబడెనని ప్రసిద్ధి. చుట్టుప్రక్కల తాలూకాలవారు ఇచ్చట పెండ్లిండ్లు చేసికొనుట వాడుక. పెండ్లివారు భోజనములైన పిమ్మట బండలమీద చల్లగాలికి కూర్చుందురు. కాని ఈ జలపాతము ప్రతిదినము దర్శనమిచ్చునది కాదు. వరద వచ్చినపుడో, కాలువ నీరు నదిలోనికి వదలినపుడో అది జలపాతము. తక్కిన దినములలో అది బండలవరుస మాత్రమే. నీరు నునుపు చేసిన ఆ బండలను ఎండకాలమున చూచినవారికి పెన్న స్వభావము బోధపడును.

పెన్న కర్ణాటకమున నందికొండలలో పుట్టి ఉత్తరముగా సాగును. అందుచేత ఉత్తరపినాకిని యని పేరు. అనంతపురపు మెట్టలో తూర్పునకు తిరిగి, కడప, నెల్లూరు సీమలమీదుగా మొత్తము 597 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున గలియును. పడమటి కనుమలు దాటి వచ్చునప్పటికి నైరుతి మేఘము అలసిపోవును. ఈశాన్యపు వాన తూర్పుతీరముననే చాలవరకు కురిసిపోవును. ఈ రెండింటి నడుమ చిక్కిన నేల ఇది. ఇట్టి నేలలో నది పారునని నమ్ముకొని బ్రదుకుట సాధ్యము కాదు. పారిన నాలుగుదినముల నీటిని పట్టి నిలుపుకొనవలెను. కనుక ఈ సీమ చరిత్రలో సగము చెరువుకట్టల చరిత్ర.

అనంతపురము పుట్టుటయే ఒక కట్టతో పుట్టినది. క్రీ. శ. 1364 ప్రాంతమున, మొదటి బుక్కరాయల మంత్రియైన చిక్క ఒడెయరు పండమేరు వంకకు అడ్డముగా కట్ట వేయించి, దాని రెండు కొనలయందు రెండు ఊళ్ళు నిలిపెనని జిల్లా చరిత్రలు చెప్పుచున్నవి. ఒకటి రాజు పేర బుక్కరాయసముద్రము, రెండవది తన భార్య అనంతమ్మ పేర అనంతసాగరము. ఆ రెండవదే నేటి అనంతపురమైనదని ఐతిహ్యము.

అటుపిమ్మట అయిదేండ్లకు, 1369లో, కడపసీమలోని పోరుమామిళ్ళయొద్ద బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరియొక పేరుగలవాడు, ఒక గొప్ప చెరువు కట్టించి శాసనము వేయించెను. మన దేశమున చెరువు కట్టు విద్యను గూర్చి ఇంత వివరముగా చెప్పు శాసనములు అరుదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలెనని అందు గలదు. ధర్మబుద్ధియు ధనమును గల రాజు, జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, తియ్యని నీటి యేరు, ఇరుప్రక్కల కొండ, కొండల నడుమ మిక్కిలి పొడవు లేని రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, నిడుపైన రాళ్ళు దొరకు గని, పనియెరిగిన వడ్డెలు, ఇట్లు పట్టిక సాగును. పిమ్మట ఆరు దోషములు చెప్పబడినవి. కట్ట నీరు కారుట యొకటి; చవిటినేల యొకటి; చెరువు నడుమ మెరక యొకటి; నీరు ఎక్కువై నేల తక్కువగుట యొకటి; నీరు తక్కువై తడుపవలసిన నేల ఎక్కువగుట యొకటి. వీనితో కూడ, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట దోషమని యున్నది. ఈ చివరి రెండు దోషములను చదువరులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. పెనకచెర్లకు వచ్చినపుడు వీనితో పని గలదు.

ఆ చెరువు పనిలో దినమునకు వేయిమంది కూలివాండ్రును, నూరు బండ్లును, రెండేండ్లు పాటుపడినట్లు శాసనము చెప్పుచున్నది. రాజు పేరు తెలిసినది; ఆ వేయిమందిలో ఒక్కని పేరును తెలియదు. సంఖ్యయైన వ్రాయించినందుకు భాస్కరుని మెచ్చుకొనవలసినదే. పెక్కు శాసనములలో అదియును ఉండదు.

ఆ శాసనపు పట్టికలో లేనిది నరబలి. శాస్త్రమెరిగిన పండితుడు కట్టకు పండ్రెండు అంగములు చెప్పెను గాని పదుమూడవదిగా పడుచును చెప్పలేదు. దానిని పల్లెకథ చెప్పినది. బుక్కరాయసముద్రపు చెరువు ఒకయేడు నిండి కట్ట తెగుటకు సిద్ధమైనదట. ఊరు కొట్టుకొనిపోవు సమయమున గ్రామదేవత పలికి, బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలియిచ్చినగాని కట్ట నిలువదని చెప్పినదట. ముసలమ్మ యనునది పేరేగాని వయస్సు కాదు. ఆమె బిడ్డ గల పడుచు ఇల్లాలు. ఆమె అత్తమామలయొద్ద, మగనియొద్ద సెలవు తీసికొని, గండిలోనికి దిగినది, కట్ట నిలిచినది. ఈ కథ బ్రౌనుదొరగారు సేకరించిన అనంతపుర చరిత్రలో గలదు. దానిని తీసికొని 1899లో, మదరాసున విద్యార్థిగా నుండగా, కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' అను కావ్యమును రచించిరి. పురాణముల రాణులను విడిచి ఒక కాపుకోడలిని కావ్యనాయికగా నిలుపుట ఆ కాలమున చిన్నసాహసము కాదు. ఆ కట్టకు ముసలమ్మకట్ట యను పేరు నేటికిని నిలిచియున్నది.

కన్నడదేశమున దీనికి తోడబుట్టిన కథ యొకటి గలదు. 'కెరెగె హార', అనగా చెరువునకు హారము, అను జానపదగేయమున చెరువున నీరు పడకపోగా కడపటి కోడలు భాగీరథిని బలియిచ్చుదురు. అచ్చట నీరు రాకపోవుట కష్టము, ఇచ్చట నీరెక్కువగుట కష్టము. రెండుచోట్లను దేవతకు కావలసినది కోడలే. చెరువు ఆదాయమున పెద్దపాలు అనుభవించు పెద్దరెడ్డిని ఏ దేవతయు కోరలేదు. అతని కొడుకును కోరలేదు. పుట్టినింటినుండి వచ్చిన పరాయిపిల్ల ప్రాణమే ఊరివారికి అన్నిటికంటె చౌకగా కనబడినదని మేము దీనివలన గ్రహించుచున్నాము. ముసలమ్మ ధైర్యమును మేము తక్కువచేయబోము. కాని ఆమెకు పసుపుకుంకుమ లర్పించి నమస్కరించుటతో తృప్తిపడి, ఆ యేడు కట్ట ఎందుకు తెగబోయినది, మరువ వెడల్పు చాలలేదా, తూము పాడైనదా, కావలి కాయవలసినవాడు ఎక్కడికి పోయినాడు అని అడుగకపోవుట ఆమె మరణమునకు చేయదగిన గౌరవము కాదు.

ఇది పాతకాలపు ప్రశ్నయని చదువరులు త్రోసివేయరాదు. 2021 నవంబరు 19వ తేదీన పెన్నకు ఉపనదియైన చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట వరదకు తెగి, దిగువ పల్లెలలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. జలాశయమునకున్న అయిదు తలుపులలో ఒకటి పనిచేయలేదని ఆ మరుసటినెలలో పార్లమెంటున చెప్పబడినది. తలుపు గొలుసులకు వేళకు నూనెపెట్టుట బలిదానమువలె కథలకెక్కదు. అయినను ఊరిని కాచునది అదియే.

పూర్వులు ఈ సంగతి నెరుగక పోలేదు. దత్తమండలములందు దశబంధపు ఇనాములని యుండెడివి. చెరువు కట్టినవానికి, చెడిన చెరువును బాగుచేసినవానికి ఆ చెరువు క్రింద కొంత భూమినో, శిస్తులో కొంత భాగమునో ఇచ్చి, మరమ్మతు భారము అతనిమీద నుంచెడివారు. నీరు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. 1800లో ఈ సీమ నైజామునుండి ఇంగ్లీషు కుంపిణీకి వచ్చినపుడు మన్రోదొర కలెక్టరుగా వచ్చి, చెరువు వేయదగిన తావులన్నిటిని ఇచ్చటి జనులు ఇదివరకే వాడుకొనిరనియు, క్రొత్త చెరువులకు చోటు దొరకుట దుర్లభమనియు వ్రాసెను. జయించిన రాజ్యపు అధికారి ఓడినవారి పనితనమును ఇంతకంటె ఎట్లు ఒప్పుకొనును? కాని మెచ్చుకొనుట వేరు, కాపాడుట వేరు. ఆ శతాబ్దమున శిస్తు వసూలుకు చూపిన శ్రద్ధ పూడిక తీయుటయందు చూపబడలేదు.

దాని ఫలము ధాత కరువున కనబడినది. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిని దహించిన ఆ కరువున, అనంతపురము ఇంకను బళ్ళారి జిల్లాలో భాగముగా నుండెను. ఆకలిగొన్నవారిచే కరువుపనులు చేయించిరి. 1877 ఆరంభమున టెంపుల్‌దొర వచ్చి, కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకు, పైని కొద్ది పైకమునకు తగ్గించెను. పౌననగా సుమారు 450 గ్రాములు. ఆ తిండితో మట్టిమోయువాడు బ్రదుకడని ఆరోగ్యశాఖాధికారి కార్నిషుగారు ఎదిరించి వాదింపగా కొన్ని నెలలకు కూలి హెచ్చింపబడినది. అప్పటికి లెక్కకు మిక్కిలిగా జనము నశించిరి. సీమలో పాతకట్టలమీద, పాతబాటలమీద నడచునపుడు ఈ కూలి లెక్క మాకు తరచు జ్ఞాపకము వచ్చును.

తుంగభద్ర నీరు ఈ మెట్టకు రావలెనను కోరిక అనేక తరములది. 1882లో అనంతపురము ప్రత్యేకజిల్లా యైనది; 1928లో దత్తమండలములకు రాయలసీమ యను పేరు వచ్చినది; 1937 నవంబరులో శ్రీబాగు ఒడంబడికలో కృష్ణా, తుంగభద్రా, పెన్నానదుల నీటి విషయమున సీమకు ముందు హక్కు ఒప్పుకొనబడినది. 1944లో మదరాసు, హైదరాబాదు ప్రభుత్వములు సమాధానపడగా, 1945 ఫిబ్రవరి 28న నదికి ఇరువైపుల శంకుస్థాపనలు జరిగినవి. 1953లో జలాశయమున నీరు నిలిచినది. దానినుండి బయలుదేరిన ఎగువకాలువ 1960 దశకమున పెన్నను చేరినది. పెనకచెర్ల జలాశయము ఆ నీటికొరకు కట్టబడినదే. అనగా గార్లదిన్నెవారు పెన్నలో చూచు నీరు చాలవరకు పెన్ననీరు కాదు. నది స్వంతము, నీరు అతిథి. తరువాత పెన్నహోబిలము పేరనే మరియొక జలాశయము వెలసినది. 2012లో కృష్ణనీరును శ్రీశైలమునుండి పెక్కు మెట్లు ఎత్తి జీడిపల్లి జలాశయమునకు చేర్చిరి. నేలకు పల్లమున నున్న నీరు మెరకకు ఎక్కి వచ్చుట పూర్వులు వినినచో ఇంద్రజాలమందురు.

ఇప్పుడు పోరుమామిళ్ళ శాసనపు దోషములను తలచుకొందము. రెండు రాజ్యముల సరిహద్దు దోషమన్నాడు భాస్కరుడు. తుంగభద్ర కట్ట కర్ణాటకమున నున్నది; ఎగువకాలువ రెండు రాష్ట్రములది. ఆ కాలువకు కేటాయించిన 50 శతకోటి ఘనపుటడుగులలో, నేడు టీ.ఎం.సీ. యని అందరు నను కొలతలో, 17.5 కర్ణాటకమునకు, 32.5 మనకు అని బచావతు న్యాయస్థానము నిర్ణయించినది. కాగితముమీది 32.5 ఎన్నడో కాని కాలువలో కనబడదు. జలాశయము కట్టిననాడు 133 శతకోటి ఘనపుటడుగులు పట్టగా, పూడికచేత నేడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. నీరు తక్కువై నేల ఎక్కువగుట రెండవ దోషము. కాలువ మొదట నున్నవారు వరి నాటుదురు, కడపట నున్నవారు వేరుసెనగకైన తడి లేదని అర్జీలు వ్రాయుదురు. ఆరువందల యేండ్లకు పూర్వము రాతిమీద వ్రాసిన మాట ఇంత సరిపోవుట మాకు ఆశ్చర్యముకంటె విచారమునే కలిగించుచున్నది.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర కట్టకున్న 33 తలుపులలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. నిండిన జలాశయపు నీరు నదిపాలైనది. పారు నీటిలోనే పనిచేసి, వారము దినములలో తాత్కాలికపు తలుపు బిగించిరి. గార్లదిన్నెకు వచ్చు నీటికి తాళపుచెవి ఎంత దూరమున నున్నదో ఆ వారమున అందరికిని తెలిసివచ్చినది.

ఇంతటి వ్యవహారము గల చోట విహారమెందులకు అని ఒక ఆక్షేపణ గలదు. త్రాగుటకు చాలని నీటిని చూచి ఆనందించుట తగునా యని అడుగు మిత్రులున్నారు. ఇది మేము ఒప్పుకొనము. పెనకచెర్ల తలుపులు ఎత్తిరని తెలియగానే చద్దిమూటలతో వచ్చు కుటుంబములను చూచినవారెవరును అట్లనరు. కట్టమీద నిలిచి, తుంపర మొగముపై పడగా నిశ్శబ్దముగా చూచు రైతు వేడుక చూచుట లేదు. తన యేటి లెక్క చూచుకొనుచున్నాడు. వాని ప్రక్కన వాని బిడ్డలు కేరింతలు కొట్టుదురు. ఆ రెండింటికిని అచ్చట చోటుండవలెను.

ఉద్యానము వేయుటకు మా అభ్యంతరము లేదు. ఎట్టి ఉద్యానమన్నదే విచారింపవలసినది. పచ్చికబయలు పరచి దానిని తడుపుటకు దినదినము తొట్లకొలది నీరు పోయుట ఈ నేలకు అవమానము. వేప, కానుగ, చింత, మేడి ఈ మట్టిలో తమంత తాము నిలుచు చెట్లు. వాని నీడను మట్టిబాట వేసి, కూర్చుండుటకు రాతిబండలుంచిన చాలును. సిమెంటు జింకలు, సిమెంటు కొంగలు అక్కరలేదు. పెన్నలో నీరున్ననాడు నిజమైన కొంగలు వచ్చును.

అంతకంటె ముఖ్యమైనది ప్రవేశము. చెరువుకట్ట అందరిదని మనమందుము. కాని మన పల్లెలలో చెరువునకు ఒక రేవు ఊరివారిది, వేరొక రేవు మాలమాదిగలది, కొన్నిచోట్ల వారికి రేవే లేదు. కట్ట మోసినది ఆ చేతులే, నీరు ముట్టరానివియు ఆ చేతులే. 1927 మార్చి 20న మహారాష్ట్రమున మహాడు పట్టణమందు అంబేడ్కరుగారు వేలకొలది జనముతో చవదారు చెరువునకు నడచిపోయి నీరు త్రాగిరి. పురపాలకసంఘము ఆ చెరువును అందరికిని తెరచినట్లు తీర్మానించి అప్పటికి కొన్నియేండ్లైనను, త్రాగుటకు అంత ఊరేగింపు కావలసివచ్చినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము బావులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు, ప్రజలు కూడు తావులు వీనియందు మతము, జాతి, కులము, లింగము, పుట్టినచోటు కారణముగా ఎవరిని అడ్డగింపరాదని శాసించినది. ఆ పట్టికను చదివినపుడు అది పెన్నకట్టనే వర్ణించినట్లు మాకు తోచును: చెరువు, రేవు, బాట, ప్రజలు కూడుచోటు అన్నియు ఇచ్చట ఒకటే. కావున ఇచ్చట ఎప్పుడైన తోట వేసి, కంచె కట్టి, టిక్కెట్టు పెట్టదలచువారు కట్టకు దిగువనున్న పల్లెల కూలిజనము ఆ టిక్కెట్టు కొనగలరా యని మొదట చూడవలెను. కులము అడ్డగించిన రేవును రొక్కము అడ్డగించినచో పేరు మారినది గాని పని మారలేదు.

చూడగోరువారికి కాలము చెప్పవలెనన్న, వానకాలపు చివర మంచిది. ఆగస్టు మొదలు నవంబరు వరకు కాలువ నీరు వచ్చుచుండును. పెనకచెర్ల కట్టమీద ఒక కొననుండి నడచి, దక్షిణపుకాలువ తలతూమువద్ద దిగి, కాలువగట్టు వెంట కొంతదూరము పోవలెను. గట్టునకు ఒకవైపు చీనీతోటల ఆకుపచ్చ, మరియొకవైపు కాలువ మట్టమునకు పైనున్నందున నీరెక్కని ఎర్రమెట్ట. నడుమ నడచువాని నీడ. పెన్నహోబిలమునకు పోవుటకు ముందు నదిలోనికి నీరు వదలిరా యని ఎవరినైన అడిగి పోవుట మంచిది. తలుపులు ఎత్తునపుడు బండలమీద నిలువరాదు. నీరు వచ్చిన వేగము దూరమునుండి తెలియదు. తిరుగుప్రయాణమున బుక్కరాయసముద్రము చేరి ముసలమ్మకట్టమీద కూడ నడువవచ్చును; అది అనంతపురము ఊరి ప్రక్కనే. అచ్చట టిక్కెట్టు లేదు. మంచి వానలు పడిన యేడైనచో మరువ పారుచుండును.